ఆలయ సిబ్బంది జీతభత్యాలు: భక్తులు తెలుసుకోదగిన విషయాలు

మిరప కల్లాలు ముగిసి సరుకు గుంటూరు యార్డుకు చేరిన తరువాత నల్లపాడు పరిసరాలలోని ఆలయాలకు మ్రొక్కులు తీర్చుకొనేవారి రాక పెరుగుతుంది. పంట అమ్మిన రైతు సకుటుంబంగా వచ్చి అభిషేకం చేయించుకుంటాడు. పత్తి వ్యాపారి అన్నదానానికి చెక్కు వ్రాస్తాడు. ఆ సందర్భంలో వారు ఆలయ గుమాస్తాను అడిగే ప్రశ్న ఒకటి కలదు. "హుండీలో వేసిన సొమ్ము అర్చకస్వామికి చేరుతుందా, లేక హారతి పళ్ళెంలో వేయమంటారా?"

ఈ ప్రశ్న వెనుక ఉన్నది సద్భావమే. అయితే దానికి ఒక్క మాటలో సమాధానం చెప్పుట కష్టం. హుండీ సొమ్ము దేవునిది. అది ఆలయ ఖాతాలో జమ అవుతుంది. అర్చకునికి, పరిచారకునికి, ఊడ్చే అమ్మకు, రాత్రి కావలికి ఇచ్చే వేతనం ఆ ఖాతా నుండి, ఆమోదం పొందిన బడ్జెటు ప్రకారం, నిర్ణీత పరిమితికి లోబడి వెలువడుతుంది. పళ్ళెంలో వేసిన పది రూపాయలు ఆనాటి దక్షిణ మాత్రమే. అది జీతం కాజాలదు, వృద్ధాప్యంలో పింఛను కాజాలదు. ఈ వ్యవస్థ ఎట్లు నడుస్తున్నదో, దాత ఎక్కడ తోడ్పడగలడో వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వపు దాతలు ఆలోచించిన తీరు

మన ప్రాంతపు శాసనాలను పరిశీలిస్తే పూర్వపు దాతల దూరదృష్టి అర్థమవుతుంది. అఖండదీపం పెట్టదలచిన దాత నేతిని కొని గుడికి పంపి ఊరుకొనలేదు. ఆవులనో గొఱ్ఱెలనో ఒక బోయకు అప్పగించి, వాటి పాడి వలన అతడు జీవిస్తూ దినదినం మానెడు నెయ్యి దేవునికి పోయవలెనని శాసనం వ్రాయించాడు. దీపంతోపాటు దీపాన్ని నిలిపే మనిషి జీవనం కూడా ఆ దానంలో చేరి ఉన్నది.

క్రీ.శ. 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని జాయప చేబ్రోలులో తన తండ్రి పేర చోడేశ్వరాలయం నిర్మించినప్పుడు, స్వామి సన్నిధిలో నర్తించేవారికి నివాసగృహాలను కూడా కట్టించాడు. గుడి కట్టుట వేరు, గుడి నడుచుట వేరు అనే సంగతి ఆయనకు తెలియును. అర్చకునికి మాన్యం, మేళకారునికి మాన్యం, కావలివానికి మాన్యం అనే పద్ధతి గ్రామాలలో ఇటీవలి కాలం వరకు కొనసాగినది. నాటి జీతం భూమి రూపంలో ఉండేది.

కాలక్రమంలో ఆ భూములు కొన్ని అన్యాక్రాంతమైనవి. మరికొన్నింటి కౌలు నామమాత్రంగా మిగిలినది. ఎకరం మిరపకు రైతు పెట్టే పెట్టుబడి లక్షలకు పెరిగినా, ఎన్నడో నిర్ణయించిన కౌలు అదే స్థాయిలో నిలిచిన చోట్ల మాన్యంపై ఆధారపడిన కుటుంబానికి నెల గడవని పరిస్థితి ఏర్పడినది.

చట్టం తెచ్చిన మార్పు

జస్టిస్ చల్లా కొండయ్య సంఘం నివేదిక అనంతరం 1987లో ఆంధ్రప్రదేశ్ ధార్మిక, హిందూ మత సంస్థల, దేవాదాయాల చట్టం వచ్చినది. అర్చకత్వంలోని వంశపారంపర్య హక్కులను, ఆలయాదాయంలో మిరాశీదారులకు ఉన్న వాటాలను ఈ చట్టం రద్దు చేసి, వాటి స్థానంలో వేతన విధానాన్ని ప్రవేశపెట్టినది. దీనిని సవాలు చేసిన నారాయణ దీక్షితులు కేసులో సుప్రీంకోర్టు 1996 మార్చి 19న తీర్పు చెబుతూ, అర్చకుని నియామకం లౌకిక వ్యవహారమనియు, ఆగమోక్తంగా పూజ జరుగుట మతాచారమనియు విభజించి చట్టాన్ని సమర్థించినది. 2007లో వచ్చిన సవరణ, అర్హతలు గల అర్చక కుటుంబాలవారు సేవలో కొనసాగుటకు తిరిగి అవకాశం కల్పించినది.

ఈ మార్పులో మంచి ఉన్నది, లోటు కూడా ఉన్నది. పెద్ద క్షేత్రాలలో అర్చకునికి నెలనెలా వేతనం, సెలవులు, పదవీవిరమణ ప్రయోజనాలు ఏర్పడినవి. చిన్న గుడిలో పాత వాటా పోయినది. దానికి బదులుగా రావలసిన వేతనానికి తగిన ఆదాయం గుడికి లేదు. అట్టి ఆలయాల కొరకే ధూపదీప నైవేద్య పథకం ఏర్పడినది. 2024 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ఈ పథకపు నెలసరి సాయాన్ని 5,000 నుండి 10,000 రూపాయలకు, 10,000 పొందుచున్న అర్చకుల వేతనాన్ని 15,000 రూపాయలకు పెంచుచున్నట్లు ప్రకటించినది. పథకపు సొమ్ములోనే అర్చకుని గౌరవ భృతి, పూజాద్రవ్యాల ఖర్చు రెండూ ఇమిడి ఉండవలెను.

ముప్పది శాతం పరిమితి

దేవాదాయ శాఖ పరిధిలోని ఆలయాలలో సిబ్బంది జీతభత్యాల వ్యయం వార్షికాదాయంలో 30 శాతం మించరాదనేది నియమం. భక్తులు సమర్పించిన సొమ్ము జీతాలకే హరించుకుపోరాదనే సదుద్దేశం దీనిలో ఉన్నది. దీని ప్రభావం చిన్న ఆలయంపై ఎట్లుంటుందో ఒక ఊహా ఉదాహరణతో చూతము.

ఒక గుడిలో నలుగురు పనిచేయుచున్నారని అనుకొందము. అర్చకునికి 15,000, పరిచారకునికి 10,000, పారిశుద్ధ్య పనివారికి 9,000, రాత్రి కావలికి 9,000. మొత్తం నెలకు 43,000 రూపాయలు. అయితే యజమాని బాధ్యత ఇంతటితో తీరదు. భవిష్యనిధికి యజమాని వాటా 12 శాతం, నిర్వహణ, బీమా రుసుములు మరొక శాతం కలిపితే 5,590 రూపాయలు. ఒక్కొక్క సంవత్సరపు సేవకు పదిహేను దినాల వేతనం చొప్పున గ్రాట్యుటీకి ప్రక్కన పెట్టవలసినది నెలకు సుమారు 2,067 రూపాయలు. అనగా నెలకు 50,657. సంవత్సరానికి సుమారు 6 లక్షల 8 వేల రూపాయలు.

ఈ మొత్తం 30 శాతంలో ఇమడవలెనన్న ఆలయ వార్షికాదాయం 20 లక్షల రూపాయలకు పైబడి ఉండవలెను. పల్లెలోని రామాలయానికి, పోలేరమ్మ గుడికి అంత ఆదాయం ఎక్కడిది? అందువలన నలుగురు చేయవలసిన పని ఇద్దరు చేయుట, భవిష్యనిధి లేకుండుట, గ్రాట్యుటీ మాట ఎత్తకుండుట జరుగుచున్నది. ఇది ఏ ఒక్కరి దోషమూ కాదు; లెక్క కుదరకపోవుటయే కారణం.

చట్టం కూడా ఇక్కడ పూర్తిగా ఆదుకొనదు. భవిష్యనిధి చట్టం సాధారణంగా ఇరువది మంది, గ్రాట్యుటీ నిబంధన పదిమంది సిబ్బంది ఉన్న సంస్థలను దృష్టిలో ఉంచుకొని ఏర్పడినవి. నలుగురే ఉన్న గుడిపై వాటి నిర్బంధం లేదు. అయితే యాజమాన్యం, సిబ్బందిలో అధిక సంఖ్యాకులు అంగీకరిస్తే స్వచ్ఛందంగా భవిష్యనిధిలో చేరుటకు వీలున్నది. నిర్బంధం లేనిచోట ధర్మం ప్రారంభమవుతుంది.

ధర్మకర్తలు పాటించదగిన పద్ధతులు

మొదటిది, వ్రాతపూర్వకమైన నియామకం. ఎవరు ఏ పని చేయవలెను, వేతనమెంత, వారాంతపు విశ్రాంతి ఎట్లు అనేది కాగితంపై ఉండవలెను. దేవునికి సెలవు లేదు కనుక సిబ్బందికి వంతులవారీగా విశ్రాంతి ఏర్పాటు చేయవలెను. సర్వీసు రిజిస్టరు లేని మనిషి ముప్పది ఏండ్లు పనిచేసినా, పనిచేసినట్లు నిరూపించుకొనలేడు.

రెండవది, ఆశౌచ దినాల వేతనం. జాతాశౌచ మృతాశౌచాలలో అర్చకుడు గర్భాలయంలో ప్రవేశించరాదు. ఆ దినాలకు మరొక అర్చకుని పిలిచి, అతనికిచ్చిన సొమ్మును మొదటివాని జీతంలో కోత పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. తండ్రిని పోగొట్టుకొన్న నెలలోనే మనిషి జీతం కూడా పోగొట్టుకొనుట న్యాయం కాదు. దీనికి సంవత్సర బడ్జెటులోనే ప్రత్యామ్నాయ అర్చక పద్దు ఉంచవలెను.

మూడవది, నిలువ నిధి. ఆలయాదాయం మన నేలవంటిది. పంట చేతికి వచ్చిన నెలలలోను, కార్తికంలోను, పండుగలలోను నిండుగా ఉండి, పెళ్ళి ముహూర్తాలు లేని ఆషాఢంలో పలుచబడుతుంది. జీతం మాత్రం ప్రతి నెలా ఒకటవ తేదీన రావలెను. పై ఉదాహరణలోని గుడికి ఆరు నెలల వేతన నిలువ అనగా సుమారు 3 లక్షల రూపాయలు బ్యాంకులో ప్రత్యేకంగా ఉంటే ఈ ఇబ్బంది తొలగుతుంది.

నాలుగవది, తక్కువ ఖర్చుతో లభించే రక్షణ. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు సంవత్సరానికి 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు. మొదటిది ఏ కారణం చేతనైనా మరణం సంభవిస్తే, రెండవది ప్రమాద మరణానికి, కుటుంబానికి రెండేసి లక్షల రూపాయలు ఇస్తాయి. జీవన్ జ్యోతిలో 18 నుండి 50 ఏండ్లవారు, సురక్షా బీమాలో 70 ఏండ్ల వరకు చేరవచ్చును. నలుగురు సిబ్బందికి కలిపి ఏడాదికి 1,824 రూపాయలు మాత్రమే. ధ్వజస్తంభం ఎక్కి దీపం పెట్టే పరిచారకునికి, అర్ధరాత్రి ప్రాకారం చుట్టూ తిరిగే కావలికి ఇది ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఐదవది, వార్ధక్యం. భవిష్యనిధి లేనివారికి, నెలకు 15,000 రూపాయల లోపు ఆదాయం గలవారికి శ్రమయోగి మాన్‌ధన్ పథకం ఉన్నది. వయస్సును బట్టి నెలకు 55 నుండి 200 రూపాయలు చెల్లిస్తే కేంద్ర ప్రభుత్వం అంతే మొత్తం జతచేస్తుంది. అరువది ఏండ్లు నిండిన పిదప నెలకు 3,000 రూపాయల పింఛను లభిస్తుంది. చేరుటకు వయోపరిమితి 18 నుండి 40 ఏండ్లు. నలుబది దాటితే ఈ తలుపు మూసుకొనును. కనుక ముప్పది ఎనిమిదేండ్ల పరిచారకుని విషయంలో వచ్చే సంవత్సరం చూతమనుట తగదు.

దాతలు ఎట్లు తోడ్పడగలరు

భక్తులు సాధారణంగా కంటికి కనబడేవానికి దానం చేయుదురు. గోపురానికి రంగులు, స్వామికి వెండి కవచం, మండపానికి చలువరాళ్ళు. అవన్నియు పుణ్యకార్యాలే. కాని వెండి కవచాన్ని ప్రతి ఉదయం తీసి, తుడిచి, తిరిగి అలంకరించే చేతికి ఆధారం లేకుంటే కవచం బీరువాలో ఉండిపోవును.

అందుచేత దాతలకు మా విన్నపం మూడు విధాలు. ఒకటి, విరాళమిచ్చునప్పుడు రసీదుపై "సిబ్బంది వేతన శాశ్వత నిధికి" అని స్పష్టంగా వ్రాయించుకొనుడు. ఒక ప్రయోజనం పేర్కొని ఇచ్చిన దానాన్ని ఆ ప్రయోజనానికే వినియోగించుట ధర్మకర్తల విధి. నెలకు 15,000 రూపాయల చొప్పున ఒక అర్చకుని వేతనం కేవలం వడ్డీతో నడువవలెనన్న, ఏడు శాతం వడ్డీ లెక్కన సుమారు 25 లక్షల 72 వేల రూపాయల మూలధనం కావలెను. ధరలు పెరుగును కనుక వడ్డీలో కొంత భాగాన్ని మరల మూలధనంలో కలుపుచుండవలెను. ఒక్కరికి ఇది పెద్ద మొత్తమే. ఒక ఊరివారందరికి కాదు.

రెండు, అంత ఇవ్వలేనివారు ఒకరి బీమా రుసుమును, ఒకరి పింఛను వాటాను సంవత్సరానికొకమారు భరించవచ్చును. కూలి చేసుకొనే కుటుంబం కూడా 456 రూపాయలతో ఒక పరిచారకుని కుటుంబానికి రక్షణ కల్పించగలదు.

మూడు, అడుగుడు. మీ ఊరి గుడిలో ఊడ్చే అమ్మకు గత నెల జీతం అందినదా, ఆమె పేర బ్యాంకు ఖాతా ఉన్నదా అని ధర్మకర్తలను వినయంగా అడుగుడు. గోపురం రంగు వెలిసినదా అని అడుగుటకు మనకెంత హక్కు ఉన్నదో, ఈ మాట అడుగుటకు అంతే ఉన్నది. అడిగే భక్తులున్న చోట లెక్కలు శుభ్రంగా ఉంటాయి.

ఇక పళ్ళెంలో దక్షిణ వేయుట మానవలెనా? మానవద్దు. దక్షిణ గౌరవ సూచకం, వేతనం బాధ్యత. మొదటిది భక్తుని ఇష్టం, రెండవది ఆలయం ఋణం. ఆ ఋణాన్ని తీర్చగల స్థితికి ప్రతి గ్రామాలయం చేరుటకు, ఎనిమిది వందల ఏండ్ల క్రిందట మన నేలపై దీపంతోపాటు దీపం నిలిపేవాని జీవనాన్ని కూడా తలచిన దాతల మార్గం మనకు ఆదర్శమగుగాక. స్వామివారి కృప దాతలందరికి, వారి దానంతో బ్రతికే సేవకులందరికి సమానంగా లభించుగాక.