సైకిలు గీసిన గీత

సైకిలు తొక్కి వచ్చినవారు ఎంత దూరం, ఎంత వేగంతో వెళ్లారో మిత్రులకు చెప్పుకోవడం సహజం. ఈనాడు ఆ పనిని సెల్‌ఫోనే చేసిపెడుతోంది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జి.పి.ఎస్. ఉపగ్రహాల సంకేతాలను అందుకొని, ఫోను తానున్న చోటును ఎప్పటికప్పుడు గుర్తిస్తుంది. ఆ చుక్కలన్నీ కలిస్తే, వెళ్లిన దారి పటం మీద గీతగా ఏర్పడుతుంది. దానిని ఇంటర్నెట్‌లో పదిమందికీ చూపవచ్చు.

ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూస్తే చాలు, సైకిలు యజమాని ఇల్లు తెలిసిపోతుంది. ఆ ఇంట అతడు ఏ వేళకు ఉండడో దొంగకు వేరే చెప్పనక్కరలేదు.

పేర్లు తీసివేసినా చిక్కు తీరదు. స్ట్రావా అనే అమెరికా సంస్థ 2017 నవంబరులో తన సభ్యుల పరుగులను, సైకిలు ప్రయాణాలను సుమారు 100 కోట్లు కలిపి ఒక ప్రపంచ పటం వెలువరించింది. అందులో ఎవరి పేరూ లేదు. ఎక్కువమంది తిరిగిన దారులు వెలుగుతూ కనిపిస్తాయి, అంతే. 2018 జనవరిలో నేథన్ రూసర్ అనే ఆస్ట్రేలియా విద్యార్థి దానిని పరిశీలించాడు. సిరియా, అఫ్గానిస్తాన్ దేశాలలో, పటంలో చీకటిగా ఉన్న ప్రాంతాల నడుమ కొన్ని గీతలు మెరుస్తున్నాయి. అవి సైనిక స్థావరాలలో సైనికులు వ్యాయామం కోసం పరుగెత్తిన జాడలు! ఆ ఏడాది ఆగస్టులో అమెరికా రక్షణశాఖ, సైనిక చర్యలు జరిగే ప్రాంతాలలో ఇటువంటి సదుపాయాల వాడకాన్ని నిషేధించింది.

మరి ఇంటిని దాచడం ఎలా? ఇంటి చుట్టూ ఒక వృత్తం గీసి, దాని లోపలి గీతను కనిపించకుండా చేయడం ఒక ఉపాయం. చూడడానికి బాగానే ఉంది. కాని రేఖాగణితం చదివినవారికి ఇందులోని లోపం తెలుస్తుంది. ఒకే సరళరేఖపై లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక వృత్తం పోతుంది. సైకిలుదారు మూడు రోజులు మూడు వేర్వేరు వీధుల్లో వెళ్తే, అతని గీతలు వృత్తపు అంచున మూడుచోట్ల తెగి ఉంటాయి. ఆ మూడింటితో వృత్తాన్ని గీస్తే, దాని కేంద్రమే ఇల్లు! వృత్తంలో దాచిన చోట్లను కనిపెట్టవచ్చునని 2018లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. కనుక ఇల్లు వృత్తం లోపలే ఉండాలి గాని, కేంద్రంలో ఉండరాదు. కేంద్రాన్ని రెండు మూడు వీధుల అవతలికి జరపడం మేలు.

ఇంతకంటె తేలికైన పద్ధతి మరొకటి ఉంది. ఇంటికి దూరంగా ఏదో ఒక కూడలి దాటాక నమోదును ప్రారంభించి, వచ్చేటప్పుడు వేరొక కూడలి వద్దనే ఆపివేయడం. ఆ గీతనైనా ఇల్లు చేరిన తరువాతనే, తెలిసినవారికి మాత్రమే కనిపించేటట్లు పెట్టుకోవచ్చు. తొక్కిన దూరంలో అర కిలోమీటరు లెక్కకు రాకుండా పోతుంది. కొందరికి ఆ బాధ తప్పదు.