హక్కు ఒకచోట, పైకం ఒకచోట

పోయిన సంక్రాంతికి మా మేనకోడలు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం నుంచి బరంపురం వచ్చింది. భోజనాల దగ్గర అక్కడి కబుర్లు అడిగాను. "మా రాష్ట్రంలో పేద స్త్రీల అబార్షన్ ఖర్చు ప్రభుత్వమే ఇస్తుంది మామయ్యా. మా పన్నుల డబ్బు దానికెందుకని కొందరు, ఇవ్వకపోతే ఎలాగని కొందరు. ఆఫీసులో ఆ మాటెత్తితే తగవే" అంది. ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో జమాఖర్చులు చూస్తున్నవాణ్ణి. డబ్బు తగవంటే పద్దులు తిరగేయకుండా ఉండలేను.

పేదల వైద్యం కోసం 1965లో అక్కడ మెడికెయిడ్ పథకం పెట్టారు. ఖర్చులో కనీసం సగం కేంద్రానిది, మిగిలింది రాష్ట్రాలది. 1973లో రో వర్సెస్ వేడ్ కేసులో అబార్షన్ స్త్రీ హక్కని సుప్రీంకోర్టు చెప్పింది. 1976లో హెన్రీ హైడ్ అనే కాంగ్రెస్ సభ్యుడు, కేంద్ర నిధులు దానికి వాడరాదని బడ్జెట్ బిల్లుకు షరతు తగిలించాడు. అది శాశ్వత చట్టం కాదు. మన బ్యాంకు లిమిట్లలాగా ఏటేటా రెన్యువల్ అవుతూ నేటికీ సాగుతోంది. తల్లి ప్రాణాపాయానికీ, 1993 తర్వాత అత్యాచారం వంటి సందర్భాలకూ మాత్రం మినహాయింపు ఉంది.

ఈ షరతు వచ్చిన మరుసటి ఏడే, 1977లో, టెక్సాస్‌లో రోసీ హిమెనెజ్ అనే 27 ఏళ్ల స్త్రీ కన్నుమూసింది. చిన్న కూతురున్న తల్లి, చదువుకుంటున్న మనిషి. మెడికెయిడ్ డబ్బు రాక, తక్కువ ఖర్చని అర్హత లేనివారి దగ్గరికి వెళ్లింది. ఆమె సంచిలో 700 డాలర్ల స్కాలర్‌షిప్ చెక్కు దొరికిందట. చదువు కోసం వచ్చిన డబ్బది. ఎన్నో చెక్కులు చూసినవాణ్ణి, ఆ ఒక్క చెక్కు మనసులోంచి పోవడం లేదు.

1980లో హారిస్ వర్సెస్ మెక్‌రే కేసులో, హక్కు ఉన్నంత మాత్రాన ఖర్చు ప్రభుత్వమే పెట్టాలని లేదని, పేదరికం ప్రభుత్వం సృష్టించిన అడ్డంకి కాదని 5–4 తేడాతో తీర్పు వచ్చింది. సొంత నిధులతో ఇచ్చే స్వేచ్ఛ రాష్ట్రాలకు ఉంది. ఇల్లినాయ్ 2018 నుంచి ఆ పనే చేస్తోంది. 2022లో రో తీర్పునే కొట్టేశాక, నిషేధమూ అనుమతీ రాష్ట్రాల చేతికి వెళ్లాయి.

గర్భంలోనిదీ ప్రాణమేనని నమ్మేవారు, తమ పన్ను అందుకు ఖర్చు కారాదంటారు. అది మనస్సాక్షి మాట, తేలిగ్గా తీసేయలేం. కలిగినవారికి దొరికే వైద్యం లేనివారికి దొరకకపోతే అది హక్కెలా అవుతుందని రెండోవారి ప్రశ్న.

మన దేశంలో 1971 చట్టమే ప్రభుత్వాసుపత్రుల్లో గర్భస్రావానికి చోటిచ్చింది. 2021 సవరణతో కొన్ని సందర్భాల్లో గడువు 24 వారాలకు పెరిగింది. ఆడపిల్లని తెలిసి తీయించుకోవడం వేరు, అందుకోసం లింగనిర్ధారణ చేయించడం 1994 చట్టం ప్రకారం నేరం. మన ఇళ్లల్లో ఇబ్బంది డబ్బుకన్నా మౌనానిది. చట్టం సంగతి తెలియక, నలుగురు ఏమంటారోనన్న భయంతో రహస్యంగా నాటువైద్యానికి వెళ్లేవారున్నారు.

అంతా విని మా అక్కయ్య, "తప్పొప్పులు దేవుడు చూసుకుంటాడు గానీ, డబ్బులేక ఆడమనిషి చచ్చిపోకూడదురా" అంది. ఇన్ని పద్దులు తిరగేసినా, ఆ మాటకు ఎదురు చెప్పే అంకె నాకు దొరకలేదు.