మిరియాలు కాని మిరియాలు

"ఏమండీ, ఈ మిరియాలకు ఘాటే లేదు. ఏ కాలంనాటివో!" అన్నది మా ఆవిడ వంటింట్లోంచి.

నిరుడు తొలకరి ముందటి మాట. వెళ్ళి చూచాను. అమ్మ పాత పోపులపెట్టెలో, చిన్న గుడ్డమూటలో, గుప్పెడు నల్లని ముడతల గింజలు. ఒకదాన్ని చిదిమితే లోపల తెల్లని పిండి!

"చారులో వెయ్యలేదు గదా? ఇవి చంద్రకాంత విత్తులు. కడుపులోకి పోతే వాంతులూ, విరేచనాలూను!" అన్నాను.

చిన్నప్పుడు ఆ పిండినే పౌడరని ముఖాలకు పూసుకొనేవాళ్ళం. అమ్మకైతే ఆ మొక్కే గడియారం. "చంద్రకాంతలు విచ్చాయి, పొయ్యి అంటించాలి" అనేది. సాయంత్రం నాలుగూ అయిదూ మధ్య విచ్చి, మర్నాడు ఎండ ఎక్కేసరికి ముడుచుకుంటాయి. ఇంగ్లీషువాళ్ళు 'నాలుగు గంటల పువ్వు' అన్నది ఇందుకే.

అమ్మ పోయి నాలుగేళ్ళు. ఆ మరుసటి ఏడే బంటుమిల్లిలోని మా పెరడంతా సిమెంటు చేయించాను. బురద పోయింది, మోటారుసైకిలుకు చోటు దొరికింది. కాని ఆ సిమెంటు కిందనే అమ్మ చంద్రకాంతలూ పోయాయన్న సంగతి, ఆ మూట విప్పేదాకా నాకు తట్టనేలేదు.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనుక ఒక ముక్క. కావ్యాల్లో వెన్నెలకు కరిగే చంద్రకాంతం శిల, పువ్వు కాదు. ఈ మొక్క పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబసు అటు వెళ్ళడానికి ముందువాడైన శ్రీనాథుడు దీన్ని చూచి వుండడు. ఎక్కడినుంచి వచ్చినా, మన పెరళ్ళలో ఆడపడుచులా కలిసిపోయింది.

ఆ రాత్రే విత్తులు నానవేశాను. మర్నాడు తాపీమేస్త్రీని పిలిచి, గోడవార మూరెడు వెడల్పున సిమెంటు పగలగొట్టమన్నాను. "వేయించిందీ నాచేతనే గదండీ!" అని నవ్వాడు. అంగుళం లోతున, మూరెడు ఎడంగా పన్నెండు విత్తులు పెట్టాను. పది రోజులకు అయిదు మొలిచాయి. వినాయకచవితి దాటాక మొదటి మొగ్గ విచ్చింది.

దీనికి సేవ ఎక్కువైతేనే చేటు. ఎరువు దండిగా వేస్తే ఆకే గాని పువ్వు రాదు. నీరు నిలిస్తే దుంప కుళ్ళుతుంది. వేసవిలో కాలువలు కట్టేసి, నల్లరేగడి నెరెలిచ్చినప్పుడు పైమొక్క ఎండినా, దుంప లోపల బతికే వుంటుంది. ఒక్క వాన పడితే చిగురిస్తుంది. రాలిన గింజలు వాటంతటవే మొలుస్తాయి. దానికి కావలసిందల్లా కాస్త మట్టి. మనం లేకుండా చేసిందీ అదే!

ఈ మొక్కను గురించి చదువుతూంటే మరో వింత తెలిసింది. ఆకుల మీద పచ్చా తెలుపూ మచ్చలుండే చంద్రకాంతలను జర్మనీ శాస్త్రజ్ఞుడు కార్ల్ కోరెన్స్ పరీక్షించి, 1909లో ఫలితాలు ప్రకటించాడు. పుప్పొడి ఏ కొమ్మదైనా సరే, పిల్లమొక్క ఆకురంగు మాత్రం విత్తు కాచిన తల్లికొమ్మనుబట్టే వస్తుందట. ఆకుకు పచ్చదనమిచ్చే రేణువులు తల్లివైపునుంచే సంక్రమిస్తాయి. ఇది చదివి, పుస్తకం మూసి, కాసేపు పెరట్లో కూర్చున్నాను.

ఈ ఏడు తొలకరికి నేను విత్తకుండానే ఇరవైదాకా మొలకలు వచ్చాయి. ఒకటి సిమెంటు పగులులోంచే తల ఎత్తింది. పీకడానికి చెయ్యి రాలేదు. మొన్న సాయంత్రం మా ఆవిడ పెరట్లోకి తొంగిచూచి, "చంద్రకాంతలు విచ్చాయి, కాఫీ పెట్టనా?" అన్నది. గొంతు ఆమెదే, మాట మాత్రం అమ్మది.

హైదరాబాదులో మూడో అంతస్తులో వుంటున్న మా చెల్లెలికి ఒక పొట్లం పంపాను. లోతైన కుండీ చాలు, పెరుగుతుంది. ఇల్లు కట్టుకొనే పాఠకులకు నా మనవి ఒక్కటే: గోడవార మూరెడు మట్టి వదలండి. విత్తులు దాచుకొంటే పొట్లం మీద పేరు వ్రాసుకోండి. పోపులపెట్టెలో మాత్రం పెట్టకండి సుమా!