మూత్రాశయంలో ఒత్తిడి – కిడ్నీలకు కనిపించని ముప్పు

పక్షవాతం వచ్చిన మనిషికి చెయ్యీ కాలూ ఎంతవరకు కదులుతున్నాయో ఇంటిల్లిపాదీ రోజూ చూస్తారు. మూత్రం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. పక్క తడుస్తోందంటే డైపర్ వేసి ఊరుకుంటారు. వెన్నుపాము దెబ్బతిన్నవారి విషయంలో ఈ మౌనం కిడ్నీల మీదికి తెస్తుంది.

మూత్రాశయం నిండుతున్నంతసేపూ దాని గోడలోని కండరం వదులుగా ఉండాలి. పెద్దవాళ్లలో 400 నుంచి 500 మిల్లీలీటర్లు చేరినా లోపలి ఒత్తిడి పెద్దగా పెరగదు. కండరం బిగిసే వేళకు కింది ద్వారం వదులయ్యేలా చూసేది మెదడు కాండంలోని పాన్స్ అనే భాగం. బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బారింగ్టన్ 1925లో పిల్లులపై ప్రయోగాలతో ఈ సంగతి చూపించాడు. ‘ఇప్పుడు కాదు, ఆగు’ అని చెప్పేది మెదడు ముందుభాగం.

అందుకే దెబ్బ ఎక్కడ తగిలిందన్నది ముఖ్యం. పక్షవాతంలో, పార్కిన్సన్స్‌లో ఆ ఆపే ఆజ్ఞ సన్నగిల్లుతుంది. బాత్రూమ్‌కి వెళ్లేలోపే మూత్రం పడిపోతుంది. కానీ ద్వారం సాధారణంగా సరిగానే తెరుచుకుంటుంది. ప్రమాదంలోనో, వెన్నుపూస టీబీ వల్లనో, మల్టిపుల్ స్క్లెరోసిస్ వల్లనో వెన్నుపాము దెబ్బతిని పాన్స్‌తో సంబంధం తెగితే పరిస్థితి వేరు. కండరమూ ద్వారమూ ఒకేసారి బిగుసుకుంటాయి. గడియ వేసిన తలుపును లోపలినుంచి తోస్తున్నట్టే. ఒత్తిడి పెరిగి, మూత్రం కిడ్నీల వైపు ఎగదన్నుతుంది. నొప్పి కూడా తెలియకపోవచ్చు. వెన్నుపాము గాయపడినవారిని ఒకప్పుడు ఎక్కువగా బలిగొన్నది కిడ్నీల వైఫల్యమే.

ఎప్పుడు ఎంత తాగారు, ఎంత పోశారు, ఎప్పుడు కారింది అని మూడు రోజులు రాసి తీసుకెళితే డాక్టరుకు సగం దారి దొరుకుతుంది. మూత్ర పరీక్ష, పోశాక ఎంత మిగిలిందో చూసే స్కానింగ్ ఎలాగూ ఉంటాయి. అసలు సంగతి తేల్చేది యూరోడైనమిక్ పరీక్ష. మూత్రాశయంలో ఒక సన్నని గొట్టం, మలద్వారంలో మరొకటి పెట్టి, సెలైన్ నింపుతూ ఒత్తిళ్లు కొలుస్తారు. రెంటికీ తేడాయే కండరం ఒత్తిడి. పుట్టుకతో వెన్నులోపం ఉన్న పిల్లలను పరిశీలించిన ఎడ్వర్డ్ మెక్‌గ్వైర్ బృందం 1981లో ఒక హద్దు చెప్పింది: 40 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాటాకే మూత్రం కారేవాళ్లకు కిడ్నీల ముప్పు ఎక్కువ.

చికిత్స మాత్రలతో మొదలవుతుంది. ఆక్సిబ్యుటినిన్, సోలిఫెనసిన్ కండరాన్ని నెమ్మదింపజేస్తాయి. నోరెండడం, మలబద్ధకం, పెద్దవయసులో మతిమరుపు వాటితో వచ్చే ఇబ్బందులు. వీటితో మూత్రం లోపల మిగిలిపోతుంటే గొట్టంతో తీసెయ్యాలి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జాక్ లాపిడెస్ 1972లో ప్రకటించిన పద్ధతి ఇది: చేతులు సబ్బుతో కడుక్కుని, రోజుకు నాలుగైదుసార్లు రోగి తానే కాథెటర్ పెట్టుకుని ఖాళీ చేసి తీసెయ్యడం. ఆపరేషన్ థియేటర్ శుభ్రత అక్కర్లేదన్న ఆయన మాటను అప్పట్లో చాలామంది నమ్మలేదు. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకుమించి ప్రాణాలు నిలిపిన ఉపాయం లేదు. మాత్రలు పనిచెయ్యకపోతే మూత్రాశయం గోడలోకి బొటాక్స్ సూదులు, మామూలుగా 200 యూనిట్లు, ఇస్తారు. చాలామందికి ఆరు నుంచి తొమ్మిది నెలలు ఊరట. అదీ కుదరకపోతే పేగుముక్క అతికి మూత్రాశయాన్ని పెద్దది చేసే ఆపరేషన్ ఉంది.

ఇంట్లో వెన్నుపాము దెబ్బతిన్నవారుంటే సిగ్గుపడకుండా యూరాలజిస్టును కలవండి. “కారడం ఆగిందా?” అని మాత్రమే కాదు, “లోపల ఒత్తిడి ఎంత ఉంది, కిడ్నీలు ఎలా ఉన్నాయి?” అని కూడా అడగండి.