లైసెన్సు నిలిచిన కాలమున వాహనము నడుపుటకు అనుమతి గలదా?

గ్రామపెద్దలగు మీ యొద్దకు వచ్చు తగవులలో ఈ మధ్య క్రొత్త దొకటి చేరినది. పొలముగట్ల తగవులు, అన్నదమ్ముల భాగపంపకములు మీకు చిరపరిచితములు. ఇప్పుడు వచ్చునది మోటారు లైసెన్సును గూర్చిన సంగతి. తాండూరు గనులనుండి నాపరాళ్ళు మోయు లారీ డ్రైవరో, వికారాబాదు సంతకు ట్రాక్టరుమీద సరకు తెచ్చు రైతో, ఆటో నడుపుకొని యిల్లు గడుపుకొను సంసారియో మీ యరుగుమీద కూర్చుండి, "పెద్దయ్యా, లైసెన్సు మూడు నెలలు ఆపినరు. పనికి పోయి వచ్చేటందుకన్న పర్మిషన్ దొరుకుతదా?" యని యడుగును. ఈ ప్రశ్నకు సరియైన సమాధానము తెలియనందున కొందరు మధ్యవర్తుల చేతిలో సొమ్ము పోగొట్టుకొనుచున్నారు. కొందరు అనుమతి యున్నదని భ్రమపడి బండి నడిపి మరింత కష్టమున పడుచున్నారు. కావున నేడీ విషయమును కొంత వివరించెదను.

మొదట ఈ మాట యెక్కడనుండి వచ్చినదో చూతము. మన జిల్లాలనుండి అమెరికా పోయిన పిల్లలు అచ్చటి సంగతులు ఫోనులో చెప్పుచుందురు. ఆ దేశమున పెక్కు రాష్ట్రములలో, లైసెన్సు నిలిపివేయబడినవాడు ఉద్యోగమునకు, బడికి, వైద్యునియొద్దకు పోవుటకు మాత్రము పరిమితమైన అనుమతి పొందవచ్చును. టెక్సాసు రాష్ట్రమున న్యాయస్థానము దానిని మంజూరు చేయును. సామాన్యముగ రోజునకు నాలుగు గంటలు, అవసరము రుజువైనచో పండ్రెండు గంటలవరకు నడుపవచ్చును. ఏ వేళలలో, ఏ పనికి, ఏ ప్రాంతమున నడుపవలెనో ఆజ్ఞలోనే వ్రాయబడును. త్రాగి నడిపినవానికైనచో, ఊపిరి నూది పరీక్షింపబడిన పిదపగాని ఇంజను కదలనీయని యంత్రమును బండికి తగిలింతురు. ఆ దేశమున బస్సు లేని ఊళ్ళు మెండు. కారు లేనివాడు కూలికి సయితము పోజాలడు. అందుచేత అచ్చట ఈ యేర్పాటు వెలసినది.

మన దేశమున అట్టి యేర్పాటు లేదు. 1939 నాటి చట్టమునకు బదులుగ వచ్చి 1989 జూలై 1వ తేదినుండి అమలులోనున్న 1988 మోటారు వాహనముల చట్టములోగాని, దానికి 2019లో జరిగిన సవరణలోగాని, "పనివేళలందు మాత్రము నడుపవచ్చును" అను అనుమతిపత్రము ఎక్కడను లేదు. ఎవరేని వికారాబాదు రవాణా కార్యాలయము బయట నిలిచి అట్టి పత్రమిప్పింతునని సొమ్మడిగినచో అది శుద్ధ అబద్ధమని యెరుగునది. అయినను చట్టములో కొన్ని చిన్న ద్వారములు గలవు. అవి యెట్టివో తెలిసికొనుటకు ముందు లైసెన్సు నిలుపు అధికారము ఎవరిదో తెలియవలెను.

పోలీసువారు లైసెన్సును పట్టుకొనగలరేగాని నిలిపివేయజాలరు. నిలుపు అధికారము ఇద్దరిది: ఒకరు లైసెన్సునిచ్చు రవాణాశాఖ అధికారి, రెండవది న్యాయస్థానము. చట్టములోని 19వ సెక్షను మొదటివారికిని, 20వ సెక్షను రెండవవారికిని ఆ యధికారమిచ్చినవి. అమితవేగము, ప్రమాదకరముగ నడుపుట, త్రాగి నడుపుట, పందెములు వేయుట, మోటారు సైకిలుమీద మువ్వురెక్కుట, శిరస్త్రాణము లేకుండుట, అంబులెన్సునకు దారి యీయకుండుట: వీనిలో ఏది కనబడినను పోలీసువారు లైసెన్సును పట్టుకొని రవాణాశాఖకు పంపవచ్చును. హెల్మెటు లేనందుకు మూడు నెలలు లైసెన్సు పోవునా యని మీరు ఆశ్చర్యపడుదురేమో. ప్రతిచోట ఇట్లు జరుగుచున్నదని చెప్పలేముగాని, చట్టములో మాత్రము అట్లే వ్రాయబడియున్నది. గూడ్సుబండిలో పరిమితికి మించిన బరువు వేయుట, ఆ బండిలో మనుష్యులను మోయుట సయితము లైసెన్సు నిలుపుటకు చాలిన కారణములే. సర్వోన్నత న్యాయస్థానము నియమించిన రహదారి భద్రతా సంఘము 2015లో, ఇట్టి తప్పులకు మూడు నెలలకు తక్కువ గాకుండ లైసెన్సు నిలుపవలెనని రాష్ట్రములకు తెలిపినది. పెండ్లికి జనమును ట్రాలీలో నింపుకొని పోవుట మన యూళ్ళలో తరచు చూచునదే గావున దీనిని గుర్తుంచుకొనవలెను.

ఇక పోలీసువారిచ్చు రశీదు సంగతి. ఇందులోనే చాలమంది మోసపోవుచున్నారు. 206వ సెక్షను క్రింద లైసెన్సు పట్టుకొనుట రెండు విధములు. ముద్దాయి సమనులకు దొరకక పారిపోవునను అనుమానముతో పట్టుకొన్నచో, ఆ రశీదే లైసెన్సుగ పనిచేయును. అందు వ్రాసిన తేదివరకు బండి నడుపవచ్చును. లైసెన్సుదారుని తప్పు లేకుండ ఆ తేదిలోపల లైసెన్సు తిరిగి రానిచో గడువును పొడిగించుకొను వీలును గలదు. కాని పైన చెప్పిన తప్పులకు రవాణాశాఖకు పంపుటకై పట్టుకొన్న లైసెన్సునకిచ్చు రశీదు అట్టిది గాదు. లైసెన్సు తిరిగి చేతికి వచ్చువరకు ఆ రశీదు నడుపుటకు అధికారమీయదని చట్టము స్పష్టముగ చెప్పుచున్నది. రెండు కాగితములును చూచుటకు ఒక్కతీరుగనే యుండును. కావున మీ యొద్దకు ఎవరైన రశీదు తెచ్చినపుడు అది ఏ యుపసెక్షను క్రిందిదో మొదట చదువుడు. చదువు రానివానికి ఈ యొక్క సాయము చేసినను చాల మేలగును.

రవాణాశాఖవారు లైసెన్సును ఊరక నిలుపరాదు. ముందుగ లైసెన్సుదారుని పిలిచి అతని మాట వినవలెను. కారణములను వ్రాసి ఆజ్ఞ యీయవలెను. నా యుద్దేశమున డ్రైవరునకున్న అవకాశములన్నిటిలో ఈ విచారణయే ముఖ్యమైనది. దానినే మనవారు లెక్కచేయరు. నోటీసు వచ్చినను "ఏమి లాభము" అని పోకుందురు. పోయినచో ఏమి యడుగవచ్చును? నేరమే చేయలేదని రుజువు చూపవచ్చును. అధికారికి నమ్మకము కలిగినచో విడిచిపెట్టును. లేదా ఇంకొకటి గలదు. నిలుపుదల ఆజ్ఞ "అన్ని తరగతుల వాహనములకు" గాని, "ఏదో యొక తరగతి వాహనములకు" గాని ఉండవచ్చునని చట్టమే చెప్పుచున్నది. అనగా బండల లారీమీద అధికభారము వేసి పట్టుబడిన డ్రైవరు, "భారీ వాహనములకు మాత్రము నిలుపుడు, నా మోటారు సైకిలు లైసెన్సును ఉంచుడు" అని వ్రాతమూలమున వేడుకొనవచ్చును. అంగీకరించుట అధికారి యిష్టము. త్రాగి నడిపినవానికి ఇట్టి దయ దొరకుట దుర్లభము. ఏమైనను, అమెరికావారి పరిమిత లైసెన్సునకు మన చట్టములో దగ్గరగ నున్నది ఇదియే. అచ్చట వేళలనుబట్టి పరిమితి, ఇచ్చట బండి జాతినిబట్టి.

ఆజ్ఞ చేరిన ముప్పది దినములలోపల ప్రభుత్వము నియమించిన పై యధికారికి అప్పీలు చేసికొనవచ్చును. ముప్పదియొకటవ దినమున పోయి ప్రాధేయపడుటకన్న మొదటివారముననే పోవుట మేలు. పేదవారు, స్త్రీలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు మున్నగువారికి 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద ఉచితముగ వకీలు దొరకును.

న్యాయస్థానము వేసిన నిలుపుదల వేరు. త్రాగి నడిపినట్లు నేరము రుజువైనచో న్యాయస్థానము ఆరు నెలలకు తక్కువ గాకుండ లైసెన్సు నిలుపవలెను. నూరు మిల్లీలీటర్ల రక్తములో ముప్పది మిల్లీగ్రాములకు మించి మద్యముండుటయే నేరము. "రెండు గుక్కల కల్లే" యను వాదము చెల్లదు. మొదటి తప్పునకు ఆరు నెలలవరకు ఖైదో, పదివేల రూపాయల జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. ఆ యాజ్ఞమీద అప్పీలు చేసికొన్నంతమాత్రమున లైసెన్సు మరల బ్రతుకదు. పై న్యాయస్థానము ప్రత్యేకముగ నిలుపుదలను ఆపినచోనే బండి నడుపవలెను.

23వ సెక్షనులో మరియొక ద్వారమున్నది. ఆజ్ఞ తేదినుండి ఆరు నెలలు గడచిన పిదప, ఆ యాజ్ఞనిచ్చిన న్యాయస్థానమునకో అధికారికో దరఖాస్తు పెట్టుకొని, నిలుపుదలను రద్దు చేయుమనిగాని మార్పు చేయుమనిగాని కోరవచ్చును. త్రోసివేసినచో మూడు నెలలవరకు మరల అడుగరాదు. ఏడాది రెండేండ్లు లైసెన్సు పోయినవానికి ఇది గొప్ప ఆధారము. మూడు నెలలు పోయినవానికి మాత్రము దీనివలన ప్రయోజనము సున్న, ఏలయన ఆరు నెలలు గడచుటకు ముందే అతని గడువు తీరిపోవును. చిన్నతప్పు చేసినవానికి తలుపు మూసి, పెద్దతప్పు చేసినవానికి తెరచినట్లు కనబడు ఈ వింతను శాసనకర్తలు ఎన్నడైన ఆలోచింతురేమో.

రైతులు తప్పక అడుగు ప్రశ్న యొకటి: లైసెన్సు నిలిచినపుడు సొంతపొలములో ట్రాక్టరు దున్నవచ్చునా? లైసెన్సు కావలెనని చట్టము చెప్పునది "బహిరంగ స్థలమున" నడుపుటకే. కంచె వేసిన సొంతచేనులో కందిచాళ్ళు దున్నుకొనుటకు అడ్డు లేదు. కాని జనులకు పోవు హక్కున్న ప్రతి త్రోవయు బహిరంగ స్థలమే. ఊరి డొంక సయితము అందులోనిదే. ఇంటినుండి చేనివరకు ట్రాక్టరును మరియొకడు తోలుకొని రావలెను. ఇక ఇరువదియైదు కిలోమీటర్ల వేగము మించక, మోటారు శక్తి పావు కిలోవాటుకు లోపలనుండు చిన్న విద్యుత్ సైకిళ్ళు కొన్ని గలవు. నియమములలోని షరతులు తీరినచో అవి మోటారు వాహనములే గావు, లైసెన్సు అక్కరలేదు. దుకాణదారు మాట నమ్మక, బండితో వచ్చిన ధ్రువపత్రము చూచికొనవలెను. తాండూరునుండి వికారాబాదునకు రైలు ఉండనే ఉన్నది. మూడు నెలలకొరకు అదియు చెడ్డ యుపాయము గాదు.

తాండూరు సరిహద్దు పట్టణము గనుక, "ఎల్ల దాటి సేడమో చించోళియో పోయి నడుపుకొందును" అనువారు గలరు. ఇది వట్టి భ్రమ. లైసెన్సు దేశమంతటను చెల్లునట్లే నిలుపుదలయు దేశమంతటను చెల్లును. ఆ కాలమున కర్ణాటకములో క్రొత్త లైసెన్సు తీసికొనుటయు నిషిద్ధమే.

నిలిపిన కాలమున నడిపి పట్టుబడినచో మూడు నెలలవరకు ఖైదు, లేక పదివేల రూపాయల జుల్మానా, లేక రెండును. బండి యజమాని తెలిసి తాళము చేతికిచ్చినచో అతనికిని మూడు నెలలవరకు ఖైదో అయిదువేల జుల్మానాయో రెండునో గలదు. మీలో ట్రాక్టర్లును లారీలును గలవారు అనేకులు. "మనవాడే గదా" యని తాళమిచ్చుటకు ముందు ఇది జ్ఞప్తియందుండవలెను. ఇంతకన్న పెద్ద గండము భీమాది. లైసెన్సు లేనివాడు నడిపి మనిషిని చంపినచో, భీమా కంపెనీ మృతుని కుటుంబమునకు సొమ్మిచ్చి పిమ్మట ఆ మొత్తమును బండి యజమానియొద్దనుండి వసూలు చేసికొనుటకు న్యాయస్థానములు అనుమతించుచున్నవి. 2004లో సర్వోన్నత న్యాయస్థానము స్వరణ్‌సింగు కేసులో చెప్పిన తీర్పునుండి ఈ పద్ధతి స్థిరపడినది. ఎరిగియు తాళమిచ్చిన యజమానికి తప్పించుకొను దారి లేదు. లక్షలలో నుండు ఆ సొమ్మునకు పొలములే అమ్ముకొనవలసి వచ్చును.

ఇంత కఠినమేల యని అడుగువారికి మన త్రోవయే సమాధానము చెప్పును. 2025 నవంబరు 3వ తేదిని తాండూరునుండి హైదరాబాదు పోవు ఆర్టీసీ బస్సునకు చేవెళ్ళ మండలము మీర్జాగూడ యొద్ద కంకర టిప్పరు ఎదురై ఢీకొనగా, కంకర బస్సులోనికి ఒరిగి ఎందరో ప్రాణములు కోల్పోయిరి. ఆ ప్రమాదమునకు ఎవరి లైసెన్సును కారణమని నేననుట లేదు. ఆ మార్గమున బండి నడుపుట ఎంత బరువైన పనియో మాత్రము చెప్పుచున్నాను. అయినను నా యభిప్రాయమొకటి కలదు. హెల్మెటు లేనివానికిని, త్రాగి నడిపినవానికిని ఒకే తీరుగ కూటిదారి మూయుట న్యాయముగ తోచదు. ప్రాణహాని లేని చిన్నతప్పులకు, వేళను త్రోవను నియమించి అనుమతినిచ్చు పద్ధతిని మన శాసనసభలును ఆలోచింపదగును. త్రాగినవానికి మాత్రము ఒక్క గంటయైనను ఈయరాదు.

గడువు తీరిన పిదప లైసెన్సు తనంతట తాను ఇంటికి రాదు. సవరించిన చట్టము ప్రకారము, నిలుపుదలకు గురియైనవాడు గుర్తింపు పొందిన డ్రైవింగు శిక్షణాలయములో పునశ్చరణ శిక్షణ ముగించి, ఆ పత్రము చూపినచోనే లైసెన్సు తిరిగి ఇత్తురు. కావున ఆ శిక్షణ యెచ్చట నిచ్చుచున్నారో ముందుగ కార్యాలయమున విచారించి, నిలిచిన మూడు నెలలలోపలనే పూర్తిచేసికొనుట మంచిది. లేనిచో నాలుగవ నెలయు ఇంటనే గడపవలసి వచ్చును. ఆ లోపల లైసెన్సు కాలపరిమితియే తీరిపోవుచున్నదేమో చూచికొనవలెను. ఆజ్ఞాపత్రమును, రశీదును, శిక్షణపత్రమును ఒక్కచోట కట్టి భద్రపరచుకొనుడు.