యాదికి రాని రోజులు

హుషారు హద్దు దాటే మేనియా ఉధృతంగా ఉన్నప్పుడు అన్నవీ చేసినవీ బైపోలార్ బాధితుల్లో చాలామందికి తర్వాత అన్నీ గుర్తుండవు. ఇల్లు, ఊరు మాత్రం ఏదీ మర్చిపోవు. ఈ తేడా దగ్గరే కాపురాలు చెదురుతున్నాయి, మందులు మధ్యలో ఆగిపోతున్నాయి.

"నేను గా మాట అన్ననా? అన్ననే గట్ల తిట్టిన్నా? నాకైతే యాదికి లేదు."

"యాదికి లేకుంటెట్లుంటది? ఊరంత చూసిండ్రు. నాటకాలు చెయ్యకు."

మేనియా, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ వ్యాధి ఉన్న ఇళ్లలో, మనిషి ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక ఇలాంటి వాదన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడరు. భార్య ప్రతి మాటా విన్నది. భర్త మెదడులో ఆ మాట నిలవలేదు.

44వ నంబరు జాతీయ రహదారి మీది సదాశివనగర్ చుట్టుపక్కల ఒక రైతు ఇంటిని అనుకుందాం. మూడు రోజులుగా అతనికి కునుకు లేదు, అలుపూ లేదు. అర్ధరాత్రి బాయికాడికి పోయి మోటారు వేస్తాడు. దుబాయ్‌లో ఉన్న బామ్మర్దికి తెల్లవార్లూ వాయిస్ మెసేజ్‌లు పెడతాడు. కామారెడ్డి పోయి ట్రాక్టర్‌కు బయానా ఇచ్చొస్తాడు. ఇదేందని అడిగిన అన్నను నలుగురిలో తిడతాడు. చివరికి ఇంటివాళ్లు పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్తారు. కొన్ని వారాలకు నిదానించి ఇంటికొస్తాడు. మంచం మీద కూర్చుని ఫోన్‌పేలో పాత లెక్కలు చూస్తాడు. రాత్రి 2:40కి ఐదు వేలు. 2:52కి పది వేలు. 3:15కి ఇంకో పది వేలు. ఎవరికి పోయాయో పేర్లున్నాయి. ఎందుకు పంపాడో ఎంత ఆలోచించినా తట్టదు. పిన్ నొక్కింది మాత్రం తన వేలే.

మెదడు ఎందుకు దాచుకోదు?

ఒక సంగతి గుర్తుండాలంటే ముందు దాని మీద ధ్యాస నిలవాలి. తర్వాత నిద్రలో అది మెదడులో కుదురుకోవాలి. మేనియాలో ఈ రెండూ దెబ్బతింటాయి. ఆలోచనలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి, ధ్యాస క్షణం నిలవదు. రోజుకు రెండు మూడు గంటల నిద్రతోనే మనిషి హుషారుగా తిరుగుతాడు. వారం, పది రోజులు ఇలా గడిస్తే జ్ఞాపకాలు ముక్కలు ముక్కలుగానే మిగులుతాయి.

దాచుకున్నది కూడా అడిగినప్పుడు బయటికి రాకపోవచ్చు. 1977లో హెర్బర్ట్ వైన్‌గార్ట్‌నర్ బృందం మనోస్థితి మారుతూ ఉండే రోగులను పరిశీలించింది. ఒక స్థితిలో తాము చెప్పిన మాటలు మళ్లీ అదే స్థితిలో ఉన్నప్పుడు వాళ్లకు మెరుగ్గా గుర్తొచ్చాయి, స్థితి మారితే తగ్గాయి. అంటే, ఉధృతిలో జరిగినదాన్ని నిదానంగా ఉన్నప్పుడు గుర్తు చేసుకోవడం మామూలుగానే కష్టం.

మేనియా తర్వాత చాలామందికి కుంగుబాటు వస్తుంది. అప్పుడు కొత్త విషయాలు కూడా సరిగా మనసుకెక్కవు. జబ్బు పూర్తిగా అదుపులో ఉన్న రోజుల్లోనూ కొందరికి విన్న మాట గుర్తుండటం, పని మీద ధ్యాస నిలపడం కొంత తగ్గే ఉంటాయి. ఉధృతులు ఎక్కువసార్లు వచ్చినవాళ్లలో ఈ ఇబ్బంది ఎక్కువగా కనిపిస్తుంది. మందులు ఆపకుండా వాడి మరో ఉధృతి రాకుండా చూసుకోవడమంటే జ్ఞాపకశక్తిని కాపాడుకోవడం కూడా.

కల్లు సంగతి అడగాల్సిందే

మేనియాలో మరుపు ఎక్కువగా అక్కడక్కడా ఖాళీలుగా ఉంటుంది. రోజులకు రోజులు పూర్తిగా తుడిచిపెట్టుకుపోతే డాక్టర్లు ఇతర కారణాలూ వెతుకుతారు. తలకు దెబ్బ, ఫిట్స్, మద్యం, నిద్రమాత్రలు, మేనియాకు వాడే లిథియం మందు ఒంట్లో మోతాదు మించడం ఇందులో ఉంటాయి. కరెంటు చికిత్స తీసుకున్నవాళ్లకు ఆ చుట్టుపక్కల రోజులు చెరిగిపోవచ్చు.

కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో ఇంకో కారణం కల్తీ కల్లు. అందులో కలిపే అల్ప్రాజోలం, డైజీపాం మత్తునిస్తూనే కొత్త జ్ఞాపకాలు ఏర్పడకుండా అడ్డుకుంటాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు, వణుకుతో, ఫిట్స్‌తో, మతిభ్రమతో వచ్చినవాళ్లతో నిజామాబాద్ ఆస్పత్రి నిండిపోయింది. 2025 ఏప్రిల్‌లో నస్రుల్లాబాద్ మండలంలో పదుల సంఖ్యలో జనం కల్తీ కల్లు తాగి ఆస్పత్రి పాలయ్యారు. అందుకే ఇక్కడ మనిషి మతి తప్పినట్టు ప్రవర్తిస్తే కల్లు ఎంత తాగుతాడు, ఎప్పుడు మానేశాడు అన్నది దాచకుండా డాక్టరుకు చెప్పాలి. అలవాటైన మనిషి ఉన్నపళంగా మానేయడమూ ప్రమాదమే. డాక్టరు కనుసన్నల్లో మానాలి.

సంబరం గుర్తుంటుంది, నష్టం ఉండదు

ఈ మరుపులో మరో చిక్కుంది. ఆ రోజుల్లోని బలం, హుషారు, అంతా తన చేతిలోనే ఉందన్న ధీమా చాలామందికి గుర్తుంటాయి. భార్య ఏడ్చిన ఏడుపు, పిల్లలు భయంతో పక్కింట్లో పడుకున్న రాత్రి గుర్తుండవు. "నాకేమైందని ఈ గోలీలు?" అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. జబ్బు వచ్చిందనడానికి సాక్ష్యాన్ని జబ్బే మింగేస్తే మనిషి మందులెందుకు వేసుకుంటాడు?

అందుకే జరిగింది అతనికి చెప్పాలి. పరువు కోసం మొత్తం దాచిపెట్టే ఇళ్లున్నాయి, ప్రతి గొడవలో తవ్వి మొహాన కొట్టే ఇళ్లున్నాయి. దాస్తే మందులు ఆగుతాయి. మొహాన కొడితే మనిషి లోపలికి కుంగిపోతాడు, మేనియా తర్వాతి కుంగుబాటులో ఆత్మహత్య ఆలోచనలూ రావచ్చు. నిద్ర, తిండి కుదుటపడ్డాక, అతను నమ్మే మనిషి ఒక్కరే కూర్చుని, కొంచెం కొంచెంగా చెప్పడం మేలు. "నువ్విట్ల చేసినవ్" అనే కన్నా "బిడ్డా, జబ్బు ముదిరినప్పుడు ఇట్లయింది" అని తల్లి చెబితే అతను వింటాడు.

బాధపడినవాళ్ల బాధ కూడా చిన్నది కాదు. గుర్తులేదన్న మాటతో వాళ్ల గాయం మానదు. గుర్తులేకపోయినా జరిగినదాన్ని నమ్మడం, నొప్పించినవాళ్ల దగ్గరికి వెళ్లి మాట్లాడటం, గోలీలు మానకపోవడం అతను చేయగలిగినవి.

కాగితాల మీద పెట్టిన సంతకాలు

బయానాలు, ప్రామిసరీ నోట్లు, భూమి కాగితాలు మేనియాలో చకచకా అయిపోతాయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం చేసుకునే వేళ దాన్ని అర్థం చేసుకుని మంచిచెడ్డలు బేరీజు వేయగల స్థితిలో మనిషి ఉండాలి. ఆ స్థితి లేదని చూపడానికి ఆస్పత్రి చీటీలు, చేర్చిన తేదీలు పనికొస్తాయి. ఒక్క కాగితం కూడా పారేయొద్దు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకో దారి ఇచ్చింది. బాగున్న రోజుల్లోనే, మళ్లీ జబ్బు ముదిరితే తనకు ఎలాంటి చికిత్స కావాలి, ఏది వద్దు అన్నది ముందుగా రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే మనిషిని కూడా ఎంచుకోవచ్చు.

ఇంట్లో ఒక నోటుబుక్కు

ఇవి రోజూ రాసిపెట్టాలి:

- రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు
- మాట, కోపం, ఖర్చు ఏ రోజు నుంచి పెరిగాయి
- ఏ గోలీ వేసుకున్నాడు, ఏది మానేశాడు
- కల్లు, మద్యం తాగిన రోజులు
- లిథియం వాడుతుంటే రక్త పరీక్ష తేదీలు. అందులో లిథియం మోతాదుతో పాటు థైరాయిడ్, కిడ్నీ పరీక్షలూ

1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ మేనియాకు వాడి చూపిన లిథియం ఇప్పటికీ ముఖ్యమైన మందు. అయితే ఎండాకాలం పొలంలో చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగితే రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. ఒళ్లునొప్పులకు వేసే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా పెంచుతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునే ముందు లిథియం వాడుతున్నట్టు చెప్పాలి. చేతులు బాగా వణకడం, వాంతులు, తూలడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పోవాలి.

మొదటి రాత్రే చెప్పండి

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కన, దేశంలో ప్రతి వెయ్యి మంది పెద్దవాళ్లలో ఐదుగురికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు బైపోలార్ వ్యాధి వచ్చింది. బాధితుల్లో దాదాపు 70 శాతం మందికి చికిత్స అందడం లేదని అదే సర్వే తేల్చింది. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రిలో వైద్యం దొరుకుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

గాలి సోకిందనో, ఎవరో ఏదో చేశారనో తిప్పుతూ పోగొట్టే ప్రతి వారం ఆ మనిషి జ్ఞాపకంలో ఇంకో ఖాళీ పెంచుతుంది. అర్ధరాత్రి మోటారు చప్పుడు విన్న పక్క పొలం రైతు, వరసగా బయానాలు ఇస్తున్నాడని గమనించిన దుకాణదారు, తెల్లవార్లూ మెసేజ్‌లు అందుకున్న బామ్మర్ది నెల తర్వాత కథలు చెప్పే బదులు ఆ రోజే ఇంటివాళ్లకు ఫోన్ చేయాలి. ఊరికి అంతా యాది ఉంటుంది కాబట్టి ఆ బాధ్యతా ఊరిదే.