సాగర్‌కు ఎప్పుడు వెళ్లాలో పేపర్లోనే ఉంది

నరసరావుపేట నుంచో గురజాల నుంచో పిల్లాపాపలతో నాగార్జునసాగర్ బయల్దేరేవాళ్లు మొదట అడిగేది, "గేట్లు ఎత్తారా?" అనే. జవాబు కోసం పేపర్లో నీటిమట్టం చూస్తే చాలు.

పేపర్లో పూర్తి మట్టంగా రాసే 590 అడుగులంటే లోతు కాదు. అది సముద్రమట్టం నుంచి లెక్కగట్టిన ఎత్తు. పునాది నుంచి కొలిచినా డ్యామ్ ఎత్తు సుమారు 409 అడుగులే. గేట్లు నిలబడే గట్టు, అంటే స్పిల్‌వే, 546 అడుగుల దగ్గర ఉంది. గేటు ఎత్తు 44 అడుగులు. రెండూ కలిపితే 590. నీళ్లు 546కు దిగువన ఉంటే 26 గేట్లూ ఎత్తినా చుక్క రాదు. జలాశయం దాదాపు నిండి, శ్రీశైలం నుంచి వరద ఇంకా దిగుతుంటేనే ఎత్తుతారు. మామూలుగా ఆగస్టు, అక్టోబరు మధ్య ఆ అవకాశం. వానలు మొహం చాటేసిన ఏడాది అదీ ఉండదు.

మరి వదిలే నీటిని లెక్కగట్టే క్యూసెక్కు ఎంత? సెకనుకు ఘనపుటడుగు నీరు, 28 లీటర్ల పైచిలుకు. మీ మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు 35 సెకన్లలో నిండుతుంది. లక్ష క్యూసెక్కులు వదిలారంటే సెకనుకు అలాంటి ట్యాంకులు 2,800కు పైగా!

గేట్లు దించేశారని ప్రయాణం మానుకోకండి. కుడి కాలువ పూర్తి సామర్థ్యం 11 వేల క్యూసెక్కులు. అలా ఒక రోజు పారితే దాదాపు ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజుకు 500 లీటర్లు వాడే లక్షన్నర ఇళ్లకు ఏడాది సరిపడే నీరు. మాచర్ల వైపు పొలాలకు గేట్ల హోరు కన్నా ఈ కాలువే ముఖ్యం. నాకైతే చూడటానికీ ఇదే బాగుంటుంది.

విజయపురి సౌత్‌లో లాంచి ఎక్కితే నాగార్జునకొండ. ఇక్ష్వాకుల రాజధాని జలాశయంలో మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిలో ముఖ్యమైనవాటిని కొండ మీదికి చేర్చారు. శుక్రవారం అక్కడి మ్యూజియానికి సెలవు. లాంచికి సగం పూట కేటాయించుకోండి. గాలి ఎక్కువై ఆపేస్తే రోడ్డు మీదే అనుపు వెళ్లొచ్చు. రాతి మెట్ల రంగస్థలం అక్కడే ఉంది.

సాగర్ గేట్లు మూసి ఉంటే ఎత్తిపోతల జలపాతమూ ఎండిపోతుందా? సంబంధం లేదు. అక్కడ దూకేది చంద్రవంక వాగు. 70 అడుగులు, అంటే ఏడంతస్తుల మేడంత. నీరు తగ్గితే కాలువ నుంచి వదులుతారు. మాచర్ల దారిలోనే కాబట్టి దాన్ని తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి.